మా వాడికి రగ్బీ లీగ్ క్లబ్బు 'స్కాలర్‌షిప్' ఇస్తానంటోంది, ఒప్పుకోమంటారా?

రావులపాలెం_పిల్ల:

అందరికీ నమస్కారమండీ. వీసాలు, అద్దె ఇళ్ళు, పచ్చళ్ళ పార్సిళ్ళ మధ్యలో నా ప్రశ్న కాస్త వింతగా ఉంటే ఏమీ అనుకోకండి.

మేం లీడ్స్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. మావారు సాఫ్ట్‌వేరు, నేను మందుల షాపు కౌంటర్లో చేస్తాను. అబ్బాయికి వచ్చే నెల పద్నాలుగు నిండుతాయి, ఇయర్ నైన్. స్కూల్లో ఎవరో లాక్కెళ్తే రగ్బీ లీగ్ మొదలెట్టాడు, ఇప్పుడు అదే లోకం. పోయిన గురువారం ఒక పెద్ద క్లబ్బు నుంచి మెయిల్ వచ్చింది, మీ అబ్బాయిని స్కాలర్‌షిప్‌కి తీసుకుందామనుకుంటున్నాం అని. మావారు ఆ ఒక్క మాట వరకే చదివి ఊరికి ఫోన్ చేసేశారు. మావయ్యగారు ఆ సాయంత్రమే ఆత్రేయపురం మనిషిని పంపి పూతరేకులు తెప్పించి, కాలవ గట్టు మీద వాకింగుకొచ్చే వాళ్ళందరికీ పంచారంట, మనవడికి ఇంగ్లండులో స్కాలర్‌షిప్ వచ్చిందని. రాత్రి నేను మొత్తం చదివితే అందులో ఫీజు ఊసు లేదు, డబ్బు ఊసు లేదు. వారంలో రెండు సాయంత్రాలు శిక్షణ, అప్పుడప్పుడూ మ్యాచులు, బూట్లు మనమే కొనుక్కోవాలి. అదండీ స్కాలర్‌షిప్.

మావయ్యగారికి ఇంకా చెప్పలేదు.

నా అనుమానాలు: ఈ ఆటలో బతుకుతెరువు అనేది ఉందా? వీడు మనిషి అయిదడుగుల ఒక అంగుళం, నలభై మూడు కిలోలు. అవతలి జట్లలో కొంతమంది పిల్లలకి మీసాలు కూడా వచ్చేశాయి. మొన్న ఒకడు వీణ్ణి గుద్దితే, వీడి కంటే ముందు నాకు కళ్ళు తిరిగాయి. ఎందుకురా నీకిది అంటే గోడ మీద అంటించిన రాబ్ బరో ఫోటో చూపించి, "ఆయన నాకంటే నాలుగంగుళాలే ఎక్కువమ్మా" అంటాడు. ఆ పేరు ఈ ఊళ్ళో బస్సెక్కినా వినపడుతుంది గానీ, ఆయన ఆట నేనెప్పుడూ చూడలేదు. తెలిసినవాళ్ళు చెబుతారా?

—

కృష్ణాతీరం_1971:

అమ్మా, పెద్దవాడిగా చెప్తున్నాను, కోపం తెచ్చుకోకు. మనం ఇంత దూరం వచ్చింది పిల్లలు చదువుకుంటారని. పద్నాలుగు, పదహారు మధ్య రెండేళ్ళు పోతే మళ్ళీ రావు. ఆటే కావాలంటే టెన్నిస్ ఉంది, చదరంగం ఉంది. ఒళ్ళు విరగ్గొట్టుకునే ఆట మనకెందుకు? మేం లండన్ పక్కన స్లౌలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాం, ఇక్కడ మనవాళ్ళ పిల్లలెవరూ ఈ రగ్బీ జోలికి పోలేదు.

—

తెనాలి_పై_కొట్టు:

స్లౌలో పోరు మాస్టారూ. ఆ చుట్టుపక్కల రగ్బీ అంటే పదిహేను మంది ఆడే యూనియన్. ఈ అమ్మాయి అడిగేది పదమూడు మంది ఆడే లీగ్ గురించి. అది లివర్‌పూల్ దగ్గర మొదలై హల్ దాకా పోయే ఎం62 రోడ్డు పట్టుకుని ఉన్న ఊళ్ళ ఆట. విగన్, సెయింట్ హెలెన్స్, వారింగ్టన్, హడర్స్‌ఫీల్డ్, వేక్‌ఫీల్డ్, కాజిల్‌ఫర్డ్. ఆ ఊళ్ళు దాటితే ఈ దేశంలోనే చాలామందికి తెలీదు.

అమ్మాయ్, ముందు ఆ మెయిల్ సంగతి. లీగ్‌లో స్కాలర్‌షిప్ అంటే డబ్బు కాదు, మెట్టు పేరు. పదిహేను, పదహారేళ్ళ లోపు పిల్లల్ని క్లబ్బు తన కనుసన్నల్లో పెట్టుకోవడం. దాని పైది అకాడమీ, పద్దెనిమిది దాకా. ఆ పైన రిజర్వు జట్టు, ఆ పైన అసలు జట్టు. ప్రతి మెట్టు మీదా చాలామందికి చెయ్యి కలిపి, భుజం తట్టి, ఇంటికి పంపేస్తారు. కాబట్టి మీ మావయ్యగారు పంచింది మరీ తప్పేం కాదు, మొదటి మెట్టెక్కడం కూడా అందరికీ కుదరదు. కాకపోతే రెండు కిలోలకి బదులు అరకిలో తెప్పిస్తే సరిపోయేది.

నాకీ గొడవంతా ఎలా తెలుసంటే, 2006లో ఎమ్మెస్సీకని లీడ్స్ వచ్చాను. మాది తెనాలి, మారీసుపేట. ఇంటి దగ్గర అప్పు, ఇక్కడ వారానికి ఇరవై గంటలు మించి పని చెయ్యకూడదని రూలు. హెడింగ్లీ స్టేడియంలో తిండి కొట్టుకి మనుషులు కావాలంటే ఎగిరి గంతేశాను. మనకి హెడింగ్లీ అంటే 2002 టెస్టు కదా! ద్రావిడ్ 148, సచిన్ 193, గంగూలీ 128. ఆ గడ్డ మీద నిలబడి జీతం కూడా తీసుకోవచ్చంటే ఇంకేం కావాలి?

2007 ఫిబ్రవరిలో మొదటి రోజు డ్యూటీ. నన్ను నిలబెట్టిన కిటికీలోంచి చూస్తే పిచ్ లేదు, స్టంపులు లేవు. హెచ్ అక్షరంలా రెండు పెద్ద గుంజలు, మోకాలి దాకా బురద. అడిగితే తెలిసింది, అక్కడ రెండు గ్రౌండ్లు వీపుకి వీపు ఆనించుకుని ఉంటాయి, మధ్యలో ఒకటే స్టాండు. ఆ వైపు కూర్చుంటే క్రికెట్, ఈ వైపు కూర్చుంటే రగ్బీ లీగ్. నాకు ఈ వైపు పడింది. పని ఏమిటంటే పైలు వేడి చెయ్యడం, బోవ్రిల్ కలిపి ఇవ్వడం. అది గొడ్డు మాంసం రసమని మూడో వారంలో తెలిసింది. మా అమ్మకి ఇప్పటికీ తెలీదు.

మ్యాచ్ మొదలయ్యాక కొట్టు దగ్గర జనం ఉండరు, చూడ్డమే పని. జట్లు బయటికొచ్చాయి. ముందు వరసలో ప్రాపులు, ఒక్కొక్కడూ నూరు కిలోలకి తగ్గడు. వాళ్ళ వెనకాల ఒక కుర్రాడు పరిగెత్తుకుంటూ వస్తుంటే బంతులందించే పిల్లాడనుకున్నాను. వీపు తిరిగితే ఏడో నంబరు. అదీ రాబ్ బరోని నేను మొదటిసారి చూడ్డం. అప్పటికే ఆయన ఇరవై నాలుగేళ్ళవాడు, ఛాంపియన్ జట్టు మనిషి, ఇద్దరు పిల్లల్ని ఒకేసారి ఎత్తుకునేంత కూడా లేడు. అయిదడుగుల అయిదంగుళాలు. సూపర్ లీగ్ అంటే ఇక్కడి లీగ్ ఆటలో అన్నిటికంటే పై పోటీ. అందులోకెల్లా పొట్టివాడు అన్న మాట ఆయన పేరు ముందు ఇంటిపేరులా ఉండేది.

ఆట అర్థం కావాలంటే కబడ్డీ గుర్తు తెచ్చుకో. కూతకొచ్చినవాణ్ణి పట్టి పడేస్తే ఔటు కదా. ఇక్కడ ఔటవడు. పడతాడు, లేస్తాడు, బంతిని మడమతో వెనక్కి తోస్తాడు, వెనకున్నవాడు అందుకుని మళ్ళీ మొదలు. ఇలా ఆరుసార్లు పట్టారా, బంతి అవతలివాళ్ళ సొత్తు. ఈలోపు అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, నాలుగు పాయింట్లు. ఇందులో బరో లాంటివాడి పని ఏమిటంటే, ఆ పడీ లేచీ మధ్యలో, పెద్దవాళ్ళు ఒగరుస్తూ వరస సర్దుకునే ఒకటి రెండు సెకన్లలో సందు కనిపెట్టడం. నలుగురు చేతులు పట్టి గోడ కడితే చంకల కింద నుంచి దూరి గీత తాకేవాడు మన ఊళ్ళో ప్రతి కబడ్డీ జట్టులోనూ ఒకడుంటాడు చూడు, వాడే ఈయన.

పుట్టింది 1982లో, పాంటిఫ్రాక్ట్‌లో. చిన్నప్పుడు ఆడింది ఫెదర్‌స్టోన్ లయన్స్ అనే ఊరి క్లబ్బుకి. అవన్నీ బొగ్గు గనుల ఊళ్ళు. 2001లో పద్దెనిమిదేళ్ళకి లీడ్స్ రైనోస్ అసలు జట్టులోకొచ్చాడు, ఆ ఏడే సూపర్ లీగ్ ఉత్తమ యువ ఆటగాడు. 2004లో లీడ్స్ ఛాంపియనయింది. 1972 తర్వాత మళ్ళీ అప్పుడే. మా కొట్టుకొచ్చే ముసలాయన ఒకాయన, ఆ ముప్ఫై రెండేళ్ళూ తన తండ్రి ఎదురుచూసి చూసి పోయాడని పై కొన్న ప్రతిసారీ చెప్పేవాడు. ఆ తర్వాత 2007, 2008, 2009, 2011, 2012, 2015, 2017. మొత్తం ఎనిమిది. పదిహేడు సీజన్లు, 490కి పైగా మ్యాచులు, అన్నీ ఒక్క క్లబ్బుకే.

ఇదంతా వింటే సాఫీగా నడిచిన బండిలా ఉంటుంది. కాదు. ఏడో నంబరుతో, ఆట నడిపించే స్క్రమ్-హాఫ్‌గా అంత పేరొచ్చినవాణ్ణి తర్వాత, పడ్డవాడి వెనక నిలబడి బంతి అందుకునే హుకర్ స్థానానికి మార్చారు. చాలా మ్యాచుల్లో బెంచీ మీద కూర్చోబెట్టి మధ్యలో దింపేవాళ్ళు. 2011 సంగతి చెప్తాను. ఆ ఏడు లీగులో లీడ్స్‌ది అయిదో స్థానం. ఎలాగో ఫైనల్ దాకా వచ్చింది, మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, సెయింట్ హెలెన్స్ మీద. బరో బెంచీ మీద. నేనప్పటికి చదువు అయిపోయి ఒక గోడౌన్లో రాత్రి షిఫ్టు చేస్తున్నాను. క్యాంటీన్లో చిన్న టీవీ, దాని ముందు పదిహేను మందిమి. బరో దిగాడు. మైదానం మధ్యకి అటూ ఇటూగా బంతి చేతికొచ్చింది. ఇద్దరు మీద పడబోతే తల వంచి వాళ్ళ చేతుల కింద నుంచి దూరాడు. నిజంగా దూరాడు, మన గుళ్ళో చిన్న గుమ్మం దాటేటప్పుడు వంగినట్టు. లేచేసరికి ఎదురుగా ఒక్కడే మిగిలాడు. వాడికి ఒక పక్క చూపించి ఇంకో పక్క నుంచి పోయాడు. నా పక్కనున్న పోలండ్ కుర్రాడికి ఈ ఆట ఓనమాలు తెలీవు. వాడు కూడా కుర్చీ ఎక్కి అరిచాడు. 32-16తో గెలిచారు. ఫైనల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే హ్యారీ సండర్లండ్ ట్రోఫీ బెంచీ మీంచి వచ్చిన మనిషికి. 2007లో కూడా ఆయనకే వచ్చింది.

నీ ప్రశ్న పొడుగు గురించి. నన్నడిగితే పొడుగు రెండో సంగతి. ఏడో నంబరు తీసి, బెంచీ మీద కూర్చునేవాడి పధ్నాలుగో నంబరు చేతికిస్తే మీ వాడు మర్నాడు శిక్షణకి వెళ్తాడా, ముసుగేసుకుని పడుకుంటాడా? అది నీకే తెలియాలి, మాకు తెలీదు.

—

రావులపాలెం_పిల్ల:

అన్నయ్యగారూ, మీరు రాసింది మావాడికి చదివి వినిపించాను. తెలుగు సగమే అర్థమవుతుంది గానీ, 'చేతుల కింద నుంచి దూరాడు' దగ్గర "ఆ ట్రై నాకు తెలుసు" అని లేచి హాల్లో సోఫాకీ టీవీకీ మధ్య చేసి చూపించాడు. ఒక పూలకుండీ పోయింది.

డబ్బు సంగతి చెప్పలేదు మీరు. ఇంకోటి, మన రంగు వాళ్ళు ఇందులో ఎవరైనా పైకొచ్చారా?

—

కరీంనగర్_టు_పర్రమట్టా:

అక్కా, మేము సిడ్నీల ఉంటం, వెంట్వర్త్‌విల్ దిక్కు. ఈడ లీగ్‌ను ఉత్తగ 'ఫుటీ' అంటరు. పిల్లలు నడక నేర్సుడు, బంతి పట్టుడు ఒక్కతీరే. నా బిడ్డ గూడ ఆడుతది, పదకొండేండ్లు.

పొట్టి, బక్క అని ఫికర్ చేస్తున్నవ్ గద. జొనాథన్ థర్స్టన్ కథ ఇను. క్వీన్స్‌లాండ్ పిలగాడు, పెయ్యి బక్కపల్చగ ఉండేటిదని శాన క్లబ్బులు వద్దన్నయి. ఆఖరికి సిడ్నీల బుల్‌డాగ్స్ తీస్కున్నరు, 2002ల మొదటి మ్యాచ్. 2004 ఫైనల్ల వాళ్ళ కెప్టెన్ స్టీవ్ ప్రైస్ దెబ్బ తాకి ఆడలే. థర్స్టన్ ఆడిండు, గెలిసిండ్రు. గెలిసినోళ్ళకు ఇచ్చే ఉంగరం తీస్కపోయి స్టీవ్ ప్రైస్‌కు ఇచ్చేసిండు, ఇది నీదే అని. ఇరవై ఒక్కేండ్ల పిలగాడు!

ఆయెన్క టౌన్స్‌విల్ పోయి కౌబాయ్స్‌ల చేరిండు. ఆ క్లబ్బు ఒక్క కప్పు గూడ గెల్వలే. 2015 ఫైనల్, బ్రిస్బేన్ బ్రాంకోస్ మీద. టైమ్ అయిపోయి సైరన్ మోగంగ మూలకు కైల్ ఫెల్ట్ ట్రై కొట్టిండు, 16-16. ఇగ థర్స్టన్ గీత అంచుల నిలబడి కిక్కు కొడితె కప్పు. కొట్టిండు. బంతి పోయి గుంజకు టంగుమని తాకి బయట పడ్డది. నేను ఇంట్ల టీవీ కాడ తల పట్టుకున్న. ఎక్స్‌ట్రా టైమ్ ఇచ్చిండ్రు, ఎవలు ముందు పాయింట్ కొడితె వాళ్ళదే. బ్రాంకోస్ బెన్ హంట్ మొదటి బంతే చేతులకెల్లి జార్చిండు. జరసేపటికి థర్స్టన్ గదే కాలుతోని డ్రాప్ గోల్ (బంతిని నేలకు తాకిచ్చి గుంజల నడిమికెల్లి తన్నుడు, ఒక పాయింట్) కొట్టిండు. 17-16.

పైసల్ ఆస్ట్రేలియాల మంచిగుంటయ్, ఇంగ్లండ్ కంటె శాన ఎక్కువ. గని ఈడ గూడ వందల మంది పిల్లలు హెరాల్డ్ మాథ్యూస్ కప్, ఎస్.జి. బాల్ కప్ అని జూనియర్ పోటీలు ఆడి ఆడి, ఆయెన్క కరెంటు పని, ప్లంబర్ పని నేర్సుకుని బతుకుతుండ్రు. అది చెడ్డ బతుకేం కాదు. మా ఇంటికి ఏసీ పెట్టనీకి వచ్చినాయన పర్రమట్టా జూనియర్ల ఆడిండంట, నాలుగు గంటలు పని, రెండు గంటలు ముచ్చట.

—

కృష్ణాతీరం_1971:

కథలు బాగున్నాయి. ఆ రాబ్ బరో చివరికి ఏమయ్యాడో కూడా చెప్పండి ఆ తల్లికి. మేం కూడా వార్తలు చూస్తాం. చక్రాల కుర్చీలో, మాట పోయి, నలభై ఒక్క ఏళ్ళకి పోయాడు. ఇన్ని దెబ్బలు తింటే అవదా మరి?

—

విశాఖ_ఫిజియో:

మాస్టారూ, ఒక్క నిమిషం. నేను షెఫీల్డ్‌లో ఫిజియోథెరపిస్టుని, ఈ రెండిటినీ కలిపేయకండి.

ఆయనకొచ్చింది మోటార్ న్యూరాన్ వ్యాధి. కండరాలకి సంకేతాలు పంపే నరాల కణాలు ఒకటొకటిగా చచ్చిపోతాయి. నడక, చేతులు, మాట, మింగడం, ఊపిరి. మనసు మాత్రం చాలామందిలో స్పష్టంగానే ఉంటుంది, అదే నరకం. ఆటలో దెబ్బలకీ దీనికీ సంబంధం ఉందా అని పరిశోధకులు చూస్తూనే ఉన్నారు గానీ, ఫలానా మనిషికి ఆట వల్లే వచ్చిందని చెప్పగలిగినవాళ్ళు లేరు. ఒక్క రోజు కూడా ఆటలాడనివాళ్ళకీ వస్తుంది.

తలకి తగిలే దెబ్బ మాత్రం నిజమైన భయమే, అక్కడ మీతో ఏకీభవిస్తాను. అక్కా, మీవాడికి ఎప్పుడైనా తల తిరిగినా, వాంతి వచ్చినా, స్కోరెంతో చెప్పలేకపోయినా, ఆ క్షణమే బయటికి. అనుమానమున్నా బయటికే. స్పృహ తప్పితేనే కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదరడం, అనుకోవద్దు, ఎక్కువమందికి స్పృహ తప్పదు. స్కాన్ బాగానే ఉందంటే కంకషన్ లేదని కూడా కాదు. ఇక్కడి నియమం ప్రకారం మొదటి ఒకటి రెండు రోజులు ఎక్కువగా విశ్రాంతి, లక్షణాలు పూర్తిగా పోయి పద్నాలుగు రోజులయ్యేదాకా ఒకరినొకరు తగిలే సాధన లేదు, దెబ్బ తగిలిన రోజు నుంచి ఇరవై ఒక్క రోజుల లోపు మ్యాచ్ లేదు. క్లబ్బుకి వెళ్ళినప్పుడు ఇది వాళ్ళు తమంతట తాము చెప్తారా, మీరడిగితే చెప్తారా గమనించండి. నా మటుకు నేను అక్కడే నిర్ణయించేస్తాను.

ఇంకో మాట. రాబ్ భార్య లిండ్సే మా వృత్తే, ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో ఫిజియో. ముగ్గురు పిల్లలు. ఆవిడ ఆయన్ని చూసుకుంటూ, ఉద్యోగం చేస్తూ, మారథాన్ పరిగెత్తింది. మా డిపార్టుమెంటులో ఎవరైనా అలిసిపోయామని సణిగితే ఆవిడ పేరెత్తుతారు, ఇక నోరు మూతపడుతుంది.

—

తెనాలి_పై_కొట్టు:

మాస్టారు ఎత్తారు కాబట్టి ఆ ముక్క కూడా చెప్పేస్తాను. ముందు డబ్బు.

ఈ ఆట పుట్టిందే డబ్బు మీద, అదీ కూలి డబ్బు మీద. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు ఇరవైకి పైగా కూర్చుని మేం విడిపోతున్నామన్నాయి. శనివారం పూట మిల్లు మానేసి, గని మానేసి వచ్చి ఆడేవాడికి ఆ పూట పోయిన కూలి ఇవ్వాలన్నది వీళ్ళ మాట. ఆటకి డబ్బేంటి, ఛీ, అన్నది దక్షిణాది దొరల మాట. దొరలకేం, శనివారం మానేస్తే పొయ్యిలో పిల్లి లేవకుండా ఉండదు కదా. అలా విడిపోయిందే లీగ్.

అయినా ఇందులో ఫుట్‌బాల్ డబ్బు రాలేదు, రాదు. సూపర్ లీగ్‌లో ఒక క్లబ్బు జీతాలకి పెట్టిన కట్టుబాటు 21 లక్షల పౌండ్లు. పాతిక మందితో భాగిస్తే కాగితం మీద సగటు 84 వేలు. అలా సమానంగా ఎవరూ పంచరు. నలుగురైదుగురు పెద్దవాటా తీసుకుంటారు, కొత్తగా వచ్చిన కుర్రాడి జీతం మీ ఆయన జీతం కంటే తక్కువుంటుంది. పైగా ముప్ఫై అయిదుకల్లా ఇంకో పని వెతుక్కోవాలి. బరో కూడా ముప్ఫై అయిదుకే మానేశాడు, 2017 ఫైనల్ గెలిచి. మానేసి ఆ క్లబ్బులోనే కుర్రాళ్ళకి నేర్పే పనిలో చేరాడు. కాబట్టి డబ్బు కోసమైతే మీ వాణ్ణి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టు.

మన రంగు వాళ్ళు అన్నావు. ఇక్రమ్ బట్ అని లీడ్స్‌లోనే పుట్టిన మనిషి, పాకిస్తానీ కుటుంబం, ఫెదర్‌స్టోన్ రోవర్స్‌కి ఆడాడు. 1995లో ఇంగ్లండ్ జెర్సీ వేశాడు. మన ఉపఖండం మూలాలున్నవాళ్ళలో అదే మొదలు. తెలుగువాళ్ళు ఈ స్థాయిలో నా కంట పడలేదు. ఇంకా వెనక్కెళ్తే క్లైవ్ సలివన్, వేల్స్‌లో పుట్టిన నల్లజాతి మనిషి. 1972లో గ్రేట్ బ్రిటన్‌కి కెప్టెన్‌గా ప్రపంచ కప్పు గెలిచాడు. ఏ ఆటలోనైనా బ్రిటన్ జట్టుకి నల్లజాతి కెప్టెన్ అదే మొదటిసారి. హల్ ఊళ్ళోకి పోయే పెద్ద రోడ్డుకి ఆయన పేరే. మా బావమరిదిని హల్‌లో దింపడానికి పోయినప్పుడల్లా ఆ బోర్డు కింద నుంచే కారు పోతుంది.

ఇక మాస్టారి ప్రశ్న. 2019 డిసెంబర్లో జబ్బు బయటపడింది. మర్నాడే అన్నట్టు పాత జట్టు మొత్తం వచ్చి నిలబడింది. కెవిన్ సిన్‌ఫీల్డ్ అని, ఆ ఎనిమిదిలో ఏడు కప్పులు గెలిచిన కెప్టెన్. బరో నంబరు ఏడు కాబట్టి 2020 డిసెంబర్లో ఏడు రోజుల్లో ఏడు మారథాన్లు పరిగెత్తాడు. 77,777 పౌండ్లు వస్తే చాలనుకున్నాడు, పది లక్షలు దాటింది. లాక్‌డౌన్ రోజులు, అందరి జేబులూ చిల్లులే. మేం ఏడు పౌండ్లేశాం. మా ఆవిడ ఇంకో డెబ్బై పెన్నీలు కూడా వెయ్యమంది, ఏడుతో మొదలవ్వాలి, ఏడుతోనే అయిపోవాలని.

2023 మే 14. లీడ్స్‌లో రాబ్ బరో పేరు మీద మొదటి మారథాన్. నేను హెడింగ్లీ దగ్గర నీళ్ళ సీసాలిచ్చే చోట స్వచ్ఛందంగా నిలబడ్డాను. పదహారేళ్ళ కింద పైలమ్మిన కిటికీ నాకు నాలుగు వందల గజాల దూరంలో ఉంటుంది. సిన్‌ఫీల్డ్ ఆ దూరమంతా బరోని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చాడు. ఎత్తులూ పల్లాలూ, లీడ్స్ రోడ్ల సంగతి నీకు తెలుసుగా. ముగింపు గీత ఇంకాస్త దూరముందనగా ఆగాడు. వంగి కుర్చీలోంచి ఆయన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని, నడిచి గీత దాటాడు. దాటాక బుగ్గ మీద ముద్దు పెట్టాడు. నేనా క్షణం కళ్ళారా చూడలేదు, నాకూ దానికీ మధ్య జనం. అరుపు విన్నాను. ఆ అరుపు 2007 నుంచి నాకు తెలిసిన అరుపే, ఆ గొంతుల్లో మధ్యలో ఏదో అడ్డం పడింది, అంతే. తర్వాత ఫోన్లో చూసుకుని సీసాలు మోసే ట్రాలీ వెనక కూర్చుండిపోయాను.

2024 జూన్ 2న పోయాడు. లీడ్స్‌లో ఆ జబ్బు రోగుల కోసం ఆయన పేరుతో కట్టే కేంద్రానికి మర్నాడే పని మొదలుపెట్టాలని ముందే అనుకున్నారు. ఆపొద్దన్నారు ఇంట్లోవాళ్ళు, మొదలుపెట్టారు. అంత్యక్రియలు జూలై 7న, ఏడో నెల ఏడో తారీఖు. శవపేటిక బండి ఆయన చిన్నప్పుడు ఆడిన ఫెదర్‌స్టోన్ మీదుగా పోయింది. రోడ్డుకి రెండు పక్కలా జనం, చప్పట్లు కొడుతూ. మన దగ్గర ఏడుస్తారు, ఇక్కడ చప్పట్లు కొడతారు. నాకు మొదట్లో వింతగా ఉండేది.

ఇదంతా చూసి భయపడమని చెప్తే పడొచ్చు మాస్టారూ, మీ ఇష్టం. నాకు మాత్రం పదిహేడేళ్ళు పని చేసిన చోటు మనిషిని ఇలా మోయడం ఇంకెక్కడా కనపడలేదు. నేను పద్నాలుగేళ్ళు చేసిన గోడౌన్లో నడుం పట్టేసి నెల రోజులు పడుకుంటే ఒక కార్డు వచ్చింది, అందులో నా పేరు తప్పు.

అమ్మాయ్, ఒప్పుకో. ఈ వయసులో ఒప్పుకోవడమంటే రెండు సాయంత్రాలు, కారు పెట్రోలు, బురద బట్టలు. బాత్‌టబ్బులో ముందు చన్నీళ్ళలో నానబెట్టు, వేన్నీళ్ళు పోస్తే మరక ఉండిపోతుంది. చదువు మాత్రం పక్కన పెట్టనివ్వకు, పద్దెనిమిదికి చెయ్యి కలిపి ఇంటికి పంపే రోజు వస్తే చేతిలో ఇంకోటి ఉండాలి. శిక్షణకి తీసుకెళ్ళిన మొదటి రోజు కారులో కూర్చోకుండా దిగి చూడు. కోచ్ గెలిచిన పిల్లలతో ఎంతసేపు మాట్లాడతాడో, బంతి జారవిడిచిన పిల్లాడితో ఎంతసేపు మాట్లాడతాడో లెక్కపెట్టుకో.

—

రావులపాలెం_పిల్ల:

అన్నయ్యగారూ, అక్కడి తమ్ముడూ, ఫిజియో చెల్లీ, అందరికీ థాంక్స్ అండీ. మాస్టారూ, మీక్కూడా. మీరన్నవన్నీ మావారు రోజూ అంటున్నవే.

నిన్న మంగళవారం వెళ్ళాం. కారు దిగాను. వాన. కంకషన్ సంగతి నేను అడక్కముందే ఒకావిడ ఫోల్డర్ తెచ్చి కూర్చోబెట్టి చెప్పింది, ఇరవై ఒక్క రోజులు అన్న మాట కూడా వచ్చింది. మావాడు మొదటి పది నిమిషాల్లో రెండుసార్లు బంతి వదిలేశాడు. కోచ్ వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఏదో చెప్పాడు, నాకు వినపడలేదు గానీ టైము చూసుకున్నాను, నిమిషంన్నర. తర్వాత వాణ్ణి మీసాల కుర్రాడి ఎదురుగా నిలబెట్టారు. నేను ఇటు తిరిగిపోయాను. తిరిగి చూసేసరికి ఇద్దరూ కిందే ఉన్నారు, మావాడు ముందు లేచాడు.

సంతకం పెట్టేశాం. ఏడాది చూద్దామన్నారు మావారు.

రాత్రి ఊరికి ఫోన్ చేసి మావయ్యగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. స్కాలర్‌షిప్పంటే డబ్బు కాదు మావయ్యగారూ, ఆట, అని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సర్లే, పూతరేకులు తిరిగి అడగలేం కదా" అని, ఆ మ్యాచులు మనకి ఎన్ని గంటలకొస్తాయో కనుక్కోమన్నారు.